స్వామి రుద్దిన సగం

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి నాకు చెప్పనక్కర్లేదు. మా ఆవిడ రోజారమణి పెళ్లైన మూడో రోజే కనిపెట్టింది. మా వీధిలో వాళ్లు నా షెడ్డు ముందున్న కారుకి ఆనుకుని ఫోన్ మాట్లాడటం మానేసి నాలుగేళ్లయింది. కారుకి ఆనుకున్నవాడి బెల్టు బకిల్ పెయింటు మీద ఏం గీస్తుందో వాడికి తెలీదు. నాకు తెలుసు. అందుకే అరుస్తాను.

నా పేరు దేవీప్రసాద్. వన్ టౌన్‌లో మా ఇంటి ముందు భాగమే నా షెడ్డు. బోర్డు మీద "దేవీ కార్ డిటెయిలింగ్" అని ఉంటుంది. అది చదివి కూడా సగం మంది లోపలికొచ్చి "కారు కడుగుతారా?" అని అడుగుతారు. కడగడం ఎవడైనా చేస్తాడు. కడిగిన తర్వాత కూడా పోనిదాన్ని తీయడం నా పని.

ఏం పోదంటారా? మా వీధిలో ఓ వారం మీ కారు పెట్టి చూడండి. రేవు వైపు గాలిలో బొగ్గు పొడి ఉంటుంది, ఇనుపరజను ఉంటుంది. సముద్రపు తేమకి అది పెయింటులో దిగి కూర్చుంటుంది. షాంపూ పోసి కడిగినా కదలదు. కంటికి కనపడదు కూడా. కానీ చేతికి పల్చటి క్యారీబ్యాగు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాసి చూడండి, గరగరమంటుంది. ఆ గరగర పోవాలంటే క్లే బార్ కావాలి. సబ్బుబిళ్లంత నీలం ముద్ద, చపాతీ పిండిలా సాగుతుంది. పెయింటు మీద సబ్బునీళ్లు చిమ్మి, ముద్దని బిస్కెట్‌లా చదును చేసి, బరువు వెయ్యకుండా, నిలువుగా ముందుకీ వెనక్కీ జార్చాలి. మొదట సర్రుసర్రుమంటుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ముద్ద తిప్పి చూస్తే నీలం మీద ఎర్రటి చుక్కలుంటాయి. ఆ మురికి వైపు లోపలికి మడిచేసి, కొత్త వైపు బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. అంతే పని. అంతే అంటున్నాను గానీ, ఆ చప్పుడు ఆగిపోయే క్షణం ఉంది చూశారూ, దానికోసమే నేను ఇంకా ఈ పనిలో ఉన్నాను.

ఇదంతా మా మావయ్యకి ఎక్కదు.

మావయ్య అంటే ఎల్లారావు. మా అమ్మకి తమ్ముడు, మా ఆవిడకి తండ్రి. ముప్పై మూడేళ్లు రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో పని అంటే కింద నిలబడ్డవాడు తలెత్తి చూసేలా ఉండాలి. నా పనికి నేనే వంగాలి. వినాయక చవితికి వారం ముందు మా ఇంటికి భోజనానికి వచ్చి, చేపల పులుసులో ముక్కలన్నీ అయ్యాక మొదలుపెట్టాడు.

"ఒరే అల్లుడూ, కార్లు తోముకుని ఎన్నాళ్లురా? మా సింహాద్రి గోడౌన్‌లో సూపర్వైజర్ పని ఖాళీ ఉంది. కుర్సీ ఉంతాది, ఫేనుంతాది. నాను సెప్తే కాదనడు."

"తోమడం కాదు మావయ్యా, డిటెయిలింగ్."

"మరేటి సేత్తన్నావ్ అందులో?"

చెప్పాను. ఇనుపరజను సంగతి, క్లే సంగతి, అన్నీ చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కోవడం కూడా ఆపి నవ్వాడు.

"మెత్తటి ముద్దతో ఇనుము లాగేత్తావా? ముప్పై మూడేళ్లు ఇనుమెత్తినోడికి సెప్తన్నావా ఈ కబుర్లు?"

అక్కడ నాకు ఒళ్లు మండింది. నన్ను ఏమన్నా పడతాను గానీ పనిని అంటే పడను.

"నీ కారు ఇక్కడే పెట్టి వెళ్లు. బానెట్ ఒక్కటీ చేస్తాను. చవితి రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చి నీ చేత్తో నువ్వే రాసి చూసుకో. గరగరమంటే సోమవారం నుంచి గోడౌన్‌కి పోతాను. షెడ్డు మూసేస్తాను. అనకపోతే మళ్లీ జన్మలో నా దగ్గర ఆ కుర్సీ మాటెత్తకూడదు."

"మాటేనా?"

"మాటే."

వంటింట్లో గరిట కింద పడిన చప్పుడు వినిపించింది. మావయ్య వెళ్లాక రోజారమణి నడుం మీద చెయ్యేసుకుని నా ముందు నిలబడింది.

"కొట్టు మూసేత్తానని పందెం కాసేసినావా బావా? నన్నో ముక్క అడగాలని లేదేటి నీకు?"

కోపంలో అన్న మాటకి జవాబు ఎక్కడుంటుంది! షెడ్డుకి రేకులు వేయించిన రోజు తను కూడా నాతో పాటు ఎండలో నిలబడింది. బోర్డుకి రంగు ఎంచింది తనే. అది గుర్తొచ్చి నిజంగానే భయం వేసింది.

మావయ్య కారు నల్లది. పదకొండేళ్లుగా ఆరుబయటే ఉంది. మా ఊరి గాలంతా ఆ బానెట్‌లోనే ఉంది. నా దగ్గర క్లే బార్లు రెండే మిగిలాయి. ఇవి ఊళ్లో దొరికేవి కావు, ఆర్డరు పెడితే నాలుగైదు రోజులకి గానీ రావు. రెండు చాలనుకున్నాను. చవితి ముందు రోజు మొదటి బార్‌తో పని మొదలుపెట్టిన పది నిమిషాలకే అది చేతిలోంచి జారి నేల మీద పడింది.

కింద పడిన క్లేని పారేయాలి. ఇందులో రెండో మాట లేదు. నేల మీది ఇసుక నలుసు ఒక్కటి దానికి అంటుకున్నా పెయింటు మీద గీతలు పడతాయి. పారేశాను. పక్క కొట్లో సీటు కవర్లు కుట్టే ఖాదర్ మిషన్ ఆపి చూస్తున్నాడు.

"అరే దేవీ బావా, కొత్తది కదా! కడిగి వాడుకోవచ్చు కదేటి? ఎవడు సూత్తాడు?"

"పెయింటు చూస్తుంది," అన్నాను.

"పెయింటుకి కళ్లు కూడా ఉన్నాయేటి?" అని మళ్లీ మిషన్ తొక్కుకున్నాడు.

రెండో బార్‌తో సాయంత్రానికి ఎడమ సగం పూర్తయింది. వెలుతురు పోయింది. నల్ల కారుని లైటు కింద చేయను, నాకు నమ్మకం ఉండదు. కుడి సగం పొద్దున్నే చేద్దామని ముద్దని తడిగుడ్డలో చుట్టాను. షెడ్డులో వదిలితే ఎలుకలు కొరుకుతాయి, పోయిన నెల ఒకటి అలాగే పోయింది. అందుకని ఈసారి దాన్ని ఇంట్లోకి తీసుకుపోయి వంటింటి గట్టు మీద పెట్టాను. పెట్టి, పూర్ణా మార్కెట్‌కి పరిగెత్తాను. అమ్మ చెప్పిన సామాన్లన్నీ తెచ్చాను. పత్రి, గరిక, వెలగపండు, పాలవెల్లికి కట్టే కాయలు. ఆ సంచీ కూడా తెచ్చి ఆ గట్టు మీదే, ఆ తడిగుడ్డ పక్కనే పెట్టాను. ఒక్కటే మర్చిపోయాను. దేనికోసమైతే ఇవన్నీనో, ఆ మట్టి వినాయకుణ్ణి.

పొద్దున్న ఏడున్నరకి ఉండ్రాళ్ల వాసనకి మెలకువ వచ్చింది. లేచీ లేవగానే గుర్తొచ్చింది, బొమ్మ తేలేదని. మా అమ్మ అసిరమ్మ సంగతి మీకు తెలీదు. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిణ్ణి చూస్తే తెలుస్తుంది. పిల్లిలా వంటింట్లోకి వెళ్లాను. తిట్లు తినడానికి తల కూడా కొంచెం వంచి పెట్టుకున్నాను.

అమ్మ నన్ను చూసి నవ్వింది. నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"మర్సిపోతావనుకున్నాను రా నాయినా. బొమ్మ దొరక్కపోతే మట్టయినా తెచ్చినావు. తడిగుడ్డలో సుట్టి మరీ తెచ్చినావు, ఎండిపోకుండా! నాకంత బుద్ధి రాలేదు. నువ్వే కదా తెచ్చింది?"

చూడండి, ఇక్కడ నేను నిజం చెప్పి ఉండాలి. కానీ మా అమ్మ నన్ను మెచ్చుకుని ఆరేడేళ్లయి ఉంటుంది. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆ. నేనే."

అన్నాక గానీ ఏ మట్టి, ఏ గుడ్డ అన్నది బుర్రకెక్కలేదు.

పాలవెల్లి కింద పీట మీద స్వామి కూర్చుని ఉన్నాడు. నీలం రంగు. చక్కటి బొజ్జ, తిన్నగా తిరిగిన తొండం, గురివింద గింజలతో కళ్లు. మెడలో గరిక మాల. ముందు ఉండ్రాళ్లు. అమ్మ తెల్లవారుజామునే లేచి తలస్నానం చేసి, బొమ్మ చేసి, కథ చదివి, అక్షింతలు వేసి, పూజ ముగించేసింది.

"నీలం మట్టి ఏటా అనుకున్నాను. ఇప్పుడన్నీ రంగుల్లోనే వత్తన్నాయి కదా," అంది అమ్మ. "ఎంత మెత్తగా ఉందో! ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదురా."

తలుపు దగ్గర రోజారమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. పక్కకి లాగి అడిగితే రెండూ అంది.

"నాను లేసేసరికి బొజ్జ కూడా అయిపోయింది బావా! నీళ్లు తేవడానికి ఎల్లినప్పుడు సూసినాను. అప్పటికే కళ్లు పెట్టేసింది."

"ఇప్పుడు అడిగితే?"

"ఏటని అడుగుతావు? స్వామీ, ఓసారి లేచి వత్తావా, కారు తోముకోవాలి అనా?"

షెడ్డులోకి పోయి కుడి సగం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. గరగర. షాంపూతో కడిగాను. గరగర. పండగ కదా, వీధిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఖాదర్ ఒక్కడే తీశాడు. సంగతి చెప్తే ముందు మిషన్ మీద తల పెట్టుకుని తనివితీరా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, నిజమే చెప్పమన్నాడు.

"ఎల్లి మీ అమ్మతో సెప్పీ బావా. తిడతాది. అయిపోతాది."

"పూజ చేసేసిందిరా!"

"అయితే మరి ఆయన్నే అడుగు," అని మళ్లీ నవ్వు. కత్తెర విసరబోయి ఆగాను, కత్తెర వాడిదే.

నాకో ఆలోచన వచ్చింది. సాయంత్రం లోపు నిమజ్జనం అయిపోతే? ఇళ్లల్లో చాలామంది ఆ రోజే ఉద్వాసన చెప్పి పంపేస్తారు. పైగా క్లే నీళ్లకి కరిగేది కాదు. బకెట్లో వేసి అమ్మ లోపలికి వెళ్లగానే తీసుకుంటే సరి. ఉద్వాసన అయ్యాక మట్టి మట్టే కదా, పాపం కూడా ఉండదు. తీసుకుని, గింజలు పీకి, మడిచి, గంటలో పని అవగొట్టొచ్చు.

"అమ్మా, మధ్యాహ్నమే స్వామిని పంపేద్దామా?" అన్నాను.

"అంత తొందరేటి? సాయంత్రం దీపం పెట్టి పంపుదాం."

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. పొద్దున్నించీ నన్ను చూసి నవ్వుతూనే ఉంది, వారం నుంచీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు కూడా. అయినా సరే, ముఖం గంభీరంగా పెట్టి, "అత్తా, సాయంత్రం గట్టి వానంట. వానలో స్వామిని ఎలగ పంపుతాం?" అంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. నాకోసం అత్తగారితో అంత పెద్ద అబద్ధం ఆడిన మనిషిని చూస్తే గుండె నిండిపోయింది. ఇంకెప్పుడూ తనని అడక్కుండా పందెం కాయకూడదనుకున్నాను.

రెండింటికి అమ్మ హారతి ఇచ్చి, పీటని కొంచెం కదిపి, "మళ్లీ ఏడాది రా తండ్రీ" అని చెప్పి, పెరట్లో కొత్త ప్లాస్టిక్ బకెట్లో స్వామిని దింపింది.

దింపి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

ఇది నాకు తట్టలేదు. మా అమ్మ ఏటా తొండం కరిగేదాకా బకెట్ దగ్గర నుంచి కదలదు. స్వామి వెళ్లేదాకా ఉండి సాగనంపకపోతే మర్యాద కాదంటుంది. మామూలు మట్టైతే పావుగంటలో తొండం పోతుంది, అరగంటలో బొజ్జ జారుతుంది. పావుగంటైంది. అరగంటైంది. స్వామి బకెట్ అడుగున గురివింద కళ్లతో మా అమ్మనే చూస్తున్నాడు. తొండం కొస కూడా కరగలేదు.

"అమ్మా, నువ్వు లోపలికెళ్లి కూర్చో. నేను చూసుకుంటాను."

"ఉండరా. ఏటో ఉంది ఇందులో."

చెయ్యి పెట్టి తిప్పింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇంకో చెంబుడు పోసింది. ఏం లేదు. మూడింటికి అమ్మ ముఖం మారిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఓలమ్మో! స్వామి ఎల్లనంతన్నాడు!"

ఆ అరుపు రేవులో ఉన్న ఓడల వాళ్లకి కూడా వినిపించి ఉంటుంది. వీధికి వినిపించడంలో ఆశ్చర్యమేముంది? పది నిమిషాల్లో పెరడు నిండింది. అరగంటలో పెరడు చాల్లేదు, బకెట్‌ని తెచ్చి షెడ్డులో నా పాలిషింగ్ స్టూలు మీద పెట్టారు. అగరొత్తులు వెలిగాయి. కొబ్బరికాయలు వచ్చాయి. ఒకావిడ తన మోకాలి నొప్పి గురించి బకెట్‌తో మాట్లాడింది. ఒకాయన వరుస పెట్టించాడు. ఆ వరుస మావయ్య కారు చుట్టూ తిరిగి వీధిలోకి పోయింది.

"కారు మీద చెయ్యెయ్యకండి! ఓ అమ్మా, నీ గాజులు! బాబూ, కొబ్బరికాయ అక్కడ కొట్టకు, చిప్ప ఎగురుతుంది!"

ఎవడు వింటాడు? ఖాదర్ కొట్టు గుమ్మంలో స్టూలు వేసుకుని టీ తాగుతూ చూస్తున్నాడు. నేను అరిచినప్పుడల్లా గ్లాసు పైకెత్తి పలకరిస్తున్నాడు.

సరిగ్గా నాలుగింటికి మావయ్య వచ్చాడు. ఒక చేతిలో అరటిపళ్ల క్యారీబ్యాగు. జనాన్ని చూసి నా షెడ్డుకి ఇంత గిరాకీ ఉందేమోనని ఒక్క క్షణం ఆయన ముఖంలో గౌరవం కనిపించింది. నేను దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. అంతలో అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని బకెట్ దగ్గరికి లాక్కుపోయింది.

"సూడరా ఎల్లా! రెండు గంటలైంది. రవ్వంతైనా కరగనేదు."

మావయ్య తొంగి చూశాడు. చెప్పులు విడిచాడు.

"అప్పా, ఇది మామూలు ఇసయం కాదే."

"నీ కారు కూడా ఇక్కడే ఉంది. నీ అదృష్టం. ఉండు, స్వామి సేత దీవెన ఇప్పిత్తాను."

ఆ మాట అని, మా అమ్మ రెండు చేతులూ బకెట్లో ముంచి, నీళ్లోడుతున్న స్వామిని పైకి తీసి, ఆయన వీపుని బానెట్‌కి ఆనించింది. కుడి సగానికి. ఆనించి రుద్దడం మొదలుపెట్టింది.

సర్రుసర్రుమంది.

ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. అమ్మ గుండ్రంగా రుద్దుతోంది! క్లేని ఎవరైనా గుండ్రంగా రుద్దుతారా? అదీ ఉత్త నీళ్లతో! పందెం, పరువు, దేవుడు, అన్నీ మర్చిపోయాను.

"గుండ్రంగా కాదమ్మా! నిలువుగా! నిలువుగా!"

"ఏటిరా నీ గోల, స్వామి ఎలగ తిరిగితే అలగ తిరుగుతాడు!"

"నొక్కకు! బరువెయ్యకు!"

సబ్బునీళ్ల స్ప్రే తీసుకుని పరిగెత్తాను. స్వామి ఎటు పోతే అటు, ఆయనకి ముందుగా చిమ్ముకుంటూ పోయాను. జనం అది అభిషేకమనుకున్నారు. ఒకావిడ చెంబుతో పాలు కూడా తెచ్చింది, దండం పెట్టి వెనక్కి పంపాను. అమ్మ అంగుళం వదల్లేదు. చీపురు పట్టినా అంతే, మా అమ్మ మూలలు వదలదు. పావుగంటకి చప్పుడు తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

నేను గుడ్డతో నీళ్లు తుడిచాను. మావయ్య క్యారీబ్యాగులోంచి అరటిపళ్లు తీసి బకెట్ దగ్గర పెట్టాడు. ఖాళీ కవరు చేతికి తొడుక్కున్నాడు. ఊపిరి బిగబట్టి కుడి సగం మీద రాశాడు. చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరికి జారిపోయింది. చప్పుడు లేదు.

"స్వామీ!" అన్నాడు మావయ్య, కవరు తొడుక్కున్న చేత్తోనే దండం పెడుతూ. "వారం కిందట కారొదిలినప్పుడు నాను రాసి సూసుకున్నాను. ముళ్లలాగ ఉండేది. ముద్ద ఇనుము లాగదని నానే అన్నాను. స్వామి లాగేసినాడు!"

జనం ఒక్కసారి గోవిందా కొట్టారు. వినాయకుడికి గోవిందా ఏమిటని అడిగేవాడు లేడు.

"మావయ్యా," అన్నాను. "మరి పందెం?"

"పందెం ఏటిరా ఇంకా? సగం స్వామి సేసినాడు."

"ఆ పక్క సగం ఎవరు చేశారు?"

"అదీ ఆయనే నిన్ననే సేసేసుంతాడు. బానెట్ సేసింది స్వామి. నువ్వు సెయ్యనేదు కాబట్టి ఓడిపోనావు. సోమారం గోడౌన్‌కి ఎల్లాలి మరి. స్వామే ఉండగా కార్లు తోమడానికి నువ్వెందుకు?"

జనంలో తలలు ఊగాయి. రోజారమణి నా వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. తను రంగు ఎంచిన బోర్డు మా ఇద్దరి తలల మీదే ఉంది.

ఇక నావల్ల కాలేదు.

"అది నా క్లే!" అని అరిచాను. "స్వామి కాదు, మట్టి కాదు, నా క్లే బార్! ఎలుకలు కొరక్కుండా గట్టు మీద పెట్టుకున్నాను. అది నీళ్లకి కరగదు. ఏడాది నానబెట్టినా కరగదు. నిన్న సాయంత్రం దాకా దాంతోనే ఎడమ సగం చేశాను. నడుం పడిపోయేలా చేశాను!"

వెనక నుంచి ఎవరో, "అయితే నా కొబ్బరికాయ నాకిచ్చీండి" అన్నారు.

అమ్మ స్వామిని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది.

"మరి పొద్దున్న నువ్వే తెచ్చినానన్నావు కదరా."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతమంది ముందు అరిచినందుకు కాదు. పొద్దున్న ఆవిడ బుగ్గలు నిమిరినప్పుడు ఆ మెప్పు నాది కాదని తెలిసీ ఉంచేసుకున్నాను. ఇప్పుడు నా పని మెప్పు స్వామికి పోతే మాత్రం ఊరంతా వినేలా అరిచాను.

"మర్చిపోయానమ్మా," అన్నాను. "బొమ్మ తేవడం మర్చిపోయాను. నువ్వు మెచ్చుకుంటే చెప్పబుద్ధి కాలేదు."

అమ్మ స్వామి వీపు తిప్పి చూసింది. నీలం మీద ఎర్రటి చుక్కలు. వేలితో ఒక చుక్కని తాకి, ఆ వేలు చూసుకుంది.

మావయ్య కూడా ఆ చుక్కల్ని చూశాడు. కవరు మళ్లీ తొడుక్కుని ఎడమ సగం మీద రాశాడు. జారింది. కుడి సగం మీద రాశాడు. అదీ జారింది. కవరు తీసేసి జేబులో పెట్టుకున్నాడు. క్రేన్ మీద నుంచి వైరు తాళ్లని చూసే మనిషి కదా, వంగి, తల పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి బానెట్ వెంబడి చూశాడు. మా ఆవిడ చెప్పిన వాన ఎక్కడా లేదు. పడమటి ఎండ ఏటవాలుగా షెడ్డులోకి దిగి నల్లటి పెయింటు మీద పడుతోంది.

కుడి సగం నిండా సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. ఎడమ సగంలో రేకుల కప్పు కనిపిస్తోంది, రేకుల మేకులు కనిపిస్తున్నాయి, వంగి చూస్తున్న మావయ్య ముఖం మీసంతో సహా కనిపిస్తోంది. ఆయన ఆ ముఖాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, నన్ను పక్కకి తీసుకుపోయి, చెవిలో నోరు పెట్టాడు.

"ఒరే అల్లుడూ. స్వామి రుద్దిన సగం కన్నా నువ్వు సేసిన సగమే బావుందిరా. సోమారం నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదు. ఆ గీతలు కూడా నువ్వే తీసీ. ఈ మాట మాత్రం మీ అమ్మకి సెప్పకు."

తల ఊపాను. అక్కడి నుంచే రోజారమణికి సైగ చేశాను, తను కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అమ్మకి మేం చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. ఆవిడ స్వామిని స్టూలు మీద కూర్చోబెట్టి, వీపు మీది ఎర్ర చుక్కలు కొంగుతో తుడుస్తూ, తలెత్తకుండానే అంది:

"ఇనబడింది రా ఎల్లా. ఆయనకి ఈ పనిలో ఇయ్యాలే మొదటి రోజు కదేటి? మెల్లగా నేర్సుకుంతాడు."